సాలీడు పట్టిన కార్తీక వ్రతం

ఆ కబురు మా గుమ్మంలోకి మొదట మోసుకొచ్చినది పాలు పోసే అప్పయ్యమ్మ. ఆమె రోజూ మాకవరపాలెం నుంచి బస్సులో నర్సీపట్నం వస్తుంది. ఆ రోజు పాలక్యాను అరుగు మీద దించకుండానే మొదలుపెట్టింది.

"అమ్మగోరూ, మీ సుజాతమ్మ అద్దాల పెట్టె ఒళ్లో ఎట్టుకొని మా బస్సులోనే వచ్చిందండీ. అందులో నా అరసెయ్యంత సాలీడు! నిలబడ్డానికి సోటు లేని బస్సులో ఆయమ్మ సుట్టూ సీట్లన్నీ కాళీ. ఇప్పుడు కాంప్లెక్సు కాడ ఆటో కోసం సూత్తంది. ఒక్క ఆటోవోడూ ఎక్కించుకోటం లేదు."

ఆ సాలీడు మా ఇంట్లో ఘోరం చేసిందని మీరు అనుకుంటున్నారేమో. అది ఎవరినీ ఏమీ చెయ్యలేదు. ఘోరమంతా నేనే చేయబోయాను. అది చెప్పుకోవడానికే ఈ రాత.

సుజాత మా ఆడపడుచు. కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. ఊరు మారిపోతున్న మిత్రురాలు ఒకామె తను పెంచుకుంటున్న సాలీడును ఈమెకు అప్పగించింది. విదేశీ జాతిది. అడవిలో పట్టుకున్నది కాదు, పెంపకంలోనే పుట్టింది. కాగితాలన్నీ ఉన్నాయి. పేరు రాణి. ఒళ్లంతా నల్లటి నూగుతో, దువ్వెన ఎరగని తలకాయకు ఎనిమిది కాళ్లు మొలిచినట్టు ఉండేది.

మా అత్తగారు సన్యాసమ్మగారు గుమ్మంలోనే అడ్డం నిలబడ్డారు.

"ఒలే, సంబంధం సూసుకోమంటే సాలీడుని తెచ్చినావేటే? కరుత్తాదా, కరవదా? అది సెప్పు ముందు."

"కరుస్తుందమ్మా. విషం ఉంది. ప్రాణం తియ్యదు గాని చెయ్యి వాచిపోయి ఏడిపిస్తుంది. పడని ఒళ్లయితే ఆసుపత్రికి పరిగెత్తాలి. ఒంటి మీద నూగు విదిలిస్తే కళ్లు మండిపోతాయి. అందుకే ఎవరూ చేత్తో ముట్టుకోకూడదు. నేనూ ముట్టుకోను."

"ముట్టుకోని దాన్ని పెంచుకోడం దేనికే?"

"చూసుకోవడానికి."

అత్తగారు అడ్డం తొలిగారు. ఆ రోజు నుంచి వెనక గదికి గొళ్లెం పడింది. పెట్టె మూత మీద, గాలి బెజ్జాలు వదిలేసి, రెండు ఇటుకలు వెలిశాయి. రోజూ పొద్దున్నే ఆవిడ దూరం నుంచి బూజుకర్రతో మూతను పొడిచి, బిగువుగా ఉందో లేదో చూసి గాని కాఫీ తాగేవారు కాదు.

నా సంగతి వేరు. నేను బడికి పోలేదు. మా నాన్నగారు ఇంట్లోనే అక్షరాలు దిద్దించి పురాణాలు చదివించారు. అందుకు ఆయనకు రోజూ దణ్ణం పెట్టుకుంటాను. ఆ పురాణాల్లో సాలీడు ఉంది గాని సాలీడు పెంపకం లేదు. శ్రీకాళహస్తిలో శివయ్యకు గూడు అల్లి మోక్షం పొందిన జీవం మా వెనక గదిలోకి నడిచొచ్చిందని నేను మురిసిపోతూ ఉండగా, సుజాతకు విశాఖపట్నంలో శిక్షణ తరగతులు పడ్డాయి.

"వదినా, రాణి ప్రాణం నీ చేతిలో పెట్టి వెళ్తున్నాను. గిన్నెలో నీళ్లు ఆరిపోకుండా చూడు. తిండికి బొద్దింకను పొడుగు పటకారుతోనే వెయ్యి. తినకపోతే ఆ పురుగును తీసెయ్యి, లోపల ఉంచకు. అగరొత్తుల పొగ తగలనివ్వకు. ఏం జరిగినా సరే, ముందు నాకు ఫోన్ చెయ్యి. చెయ్యి మాత్రం లోపల పెట్టకు."

పురాణం వింటున్నట్టు తలాడించాను. నాకు భక్తి పెరిగినప్పుడల్లా చెవులు కాస్త తగ్గుతాయి.

కార్తీక మాసం వచ్చింది. నేను కళ్లు మూసుకుని, బొద్దింకకు క్షమాపణ చెప్పుకుని, పటకారుతో లోపల వదిలాను. రాణి మొహం తిప్పుకుంది. దాన్ని తీసేసి మర్నాడు వేశాను, మళ్లీ తిప్పుకుంది. ఆ తర్వాత సోమవారం వచ్చింది, ఆ రోజూ ముట్టలేదు. నా ఒళ్లు పులకరించింది. ఈ మాట పక్కింటి ఈశ్వరమ్మ చెవిన వేశాను. ఈశ్వరమ్మ చెవిన వేస్తే ఇక మైకు అక్కర్లేదు.

"ఒలమ్మ! సాలీడు కార్తీక సోమారం సేత్తందా అక్కా? మా ఆయన ఒక్క పూట ఉండలేడు!"

సాయంత్రానికి వీధి ఆడవాళ్లంతా మా ఇంట్లో ఉన్నారు. అరటిపళ్లు వచ్చాయి, పూలు వచ్చాయి. రాణి కాస్తా రాణెమ్మ తల్లి అయింది. అత్తగారు గది గుమ్మానికి అడ్డంగా ముగ్గుపిండితో గీత గీసి, బూజుకర్ర పట్టుకుని కూర్చున్నారు.

"ఈ గీత దాటితే కాళ్లు ఇరగ్గొడతాను. దణ్ణాలు అక్కణ్ణించే ఎట్టుకోండి. అయినా నాకు తెలక అడుగుతాను, తినకపోతే అరగలేదేమో అనుకోవచ్చు గదర్రా? నాను పూట మానేత్తే ఒక్కరూ దణ్ణం ఎట్టరు!"

సుజాత ఫోన్ చేసి "రాణి తింటోందా వదినా?" అని అడిగేది. వచ్చాక చూసి ఆశ్చర్యపోతుందని, "నియమంగా ఉంది" అనేదాన్ని. అబద్ధం కాదుగా!

ఆపై సోమవారం తెల్లారి తలుపు తీసేసరికి రాణి వెల్లకిలా పడి ఉంది. ఎనిమిది కాళ్లూ ఆకాశానికి.

నేను పెట్టిన కేక వీధి దాటింది. ఈశ్వరమ్మ ముందు వచ్చింది, వెనక వీధి వచ్చింది.

"సోమారం పూట శివయ్యలో కలిసిపోనాది తల్లి! ఎంత పున్నెమో!" అని ఆమె ఏడుపు ఎత్తుకుంది.

నాకు మాత్రం పుణ్యం కనబడలేదు. సుజాత నా చేతిలో పెట్టిన ప్రాణం పోయిందన్నదే కనబడింది. కనీసం సాగనంపడమైనా పద్ధతిగా చేద్దామనుకున్నాను. ఇత్తడి పళ్లెం వచ్చింది. పసుపునీళ్లు కలిపాం. తులసి కోశాం. ఎవరో కర్పూరం వెలిగించారు. అత్తగారు పెరట్లో ఉన్నారు కదా అని ముగ్గుగీత దాటి, ఇటుకలు దించి, మూత తీసి, చెంగు దోపుకుని, పసుపు రాసిన చేతిని పెట్టెలోకి దించాను.

నా మణికట్టు ఎవరో పట్టుకున్నారు. కొబ్బరికాయ పీచు తీసే పట్టు అది.

"సెయ్యి తియ్యవే!"

"అత్తయ్యా, పోయిందండీ పాపం. స్నానం చేయించి..."

"పోనాదని నీకెవులు సెప్పారు? ఏం జరిగినా ముందు ఫోన్ సెయ్యమంది, సెయ్యి ఎట్టొద్దంది. నాను వంటింట్లోంచి ఇన్నాను. నీకు ఇనబళ్లేదా? బేగి ఫోన్ సెయ్యి."

సుజాత తరగతికి తయారవుతోంది కాబోలు, ఎత్తలేదు. "రావుకాలం వచ్చేత్తంది పెద్దమ్మా" అని ఈశ్వరమ్మ తొందరపెట్టింది. "రానీ, కుర్చీ ఏద్దాం" అన్నారు అత్తగారు. నా మణికట్టు మాత్రం వదల్లేదు. అంతలో సుజాతే వీడియో కాల్ చేసింది. నేను ఏడుస్తూ ఫోన్ పెట్టె వైపు తిప్పాను.

"వదినా! అది చావలేదు! కుబుసం విడుస్తోంది! పడుకునే విడుస్తుంది! ఎవరైనా తాకారా?"

"లే... లేదు."

"తాకితే ఇప్పుడు నిజంగా చచ్చిపోతుంది. కొత్త ఒళ్లు వెన్నలా ఉంటుంది. మూత వెయ్యి! ఆ పొగ ఏమిటి?"

"హారతి..."

అత్తగారు నన్ను వదిలి, కలిపి ఉంచిన పసుపునీళ్లు కర్పూరం మీద గుమ్మరించారు. అప్పుడే రాణి ఒళ్లు విచ్చుకుని లోపలి నుంచి ఒక తెల్లటి కాలు కదిలింది.

"మళ్లీ పుడతంది!" అని ఎవరో అరిచారు. అంతే. చనిపోయిన తల్లి కోసం వచ్చిన భక్తులు పుట్టిన తల్లి కోసం నిలబడలేదు. ఈశ్వరమ్మ ఒక కాలికి తన చెప్పు, ఒక కాలికి నా చెప్పు వేసుకుని పోయింది. గదిలో మిగిలింది నేనూ, మూత బిగించి ఇటుకలు పేర్చుతున్న అత్తగారూ.

సాయంత్రానికి సుజాత పరిగెత్తుకొచ్చింది. పాత తోలు పక్కన కొత్త రాణి తడి వెల్వెట్ గుడ్డలా కూర్చుని ఉంది. కుబుసం విడిచే ముందు ఇవి తిండి మానేస్తాయనీ, విడిచాక కోరలు గట్టిపడేదాకా తినవనీ ఆమె అప్పుడు చెప్పింది. నేను గోడకేసి చూశాను.

"అమ్మా, ఈసారి నేను ఊరెళితే రాణి నీ పూచీ" అంది సుజాత.

"నాను సచ్చినా దాన్ని ముట్టుకోను."

"అందుకే."

ఇంతటితో అయిపోతే బాగుండేది. కార్తీక పౌర్ణమి నాడు ఈశ్వరమ్మ ధైర్యం కూడగట్టుకుని, కొత్త జన్మ ఎత్తిన తల్లికి పాయసం పట్టుకుని వీధితో సహా వచ్చింది. అందరూ గీత ఇవతల చేతులు జోడించారు. సరిగ్గా అప్పుడే సుజాత పటకారుతో ఒక లావుపాటి బొద్దింకను వదిలింది. రాణెమ్మ తల్లి ఒక్క దూకు దూకి దాన్ని వాటేసుకుంది. చేతులు జోడించి ఉన్నవాళ్లు దించలేకపోయారు.

"ఉపాసం ఇడిసింది" అన్నారు అత్తగారు. "పాయసం ఇలా తెండి, నాకు అరుగుద్ది."

కాబట్టి కార్తీక దీపం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట నోరులేని ఏ ప్రాణి తిండి మానేసినా, దాని సంగతి తెలిసినవాళ్లను అడిగాకే భక్తి మొదలుపెడతాను. వెల్లకిలా పడ్డ దేనికీ నా అంతట నేను కర్మకాండ చెయ్యను. విషమున్న జీవాన్ని చేత్తో ముట్టుకోను, మూత తియ్యను.

మిమ్మల్ని కోరేది ఒక్కటే. సాయంత్రం మీ ఇంట్లో దీపం పెట్టేటప్పుడు మా సన్యాసమ్మగారిని ఒకసారి తలచుకోండి. పెళ్లిలో నా చెయ్యి పట్టుకున్నది వారి అబ్బాయే అయినా, సమయానికి పట్టుకున్నది ఆవిడే.