గేటు నుంచి వంతెన దాకా

మా బావ సూర్యం ఏ వస్తువునైనా తేల్చడానికి ఒకటే పరీక్ష పెడతాడు. అందులోంచి చూస్తే రైలు సిగ్నల్ ఎంత దూరం నుంచి కనిపిస్తుంది? కారు కొనబోయినప్పుడు ముందు అద్దానికి ఆ పరీక్షే, కిటికీ తెరకీ ఆ పరీక్షే. చివరికి మా అప్ప, అంటే మా అక్క, ముచ్చటపడి కొన్న దోమతెర కూడా పాపం ఆ పరీక్షలో తప్పి అటకెక్కింది. అలాంటి మనిషి ముందు ఒక ఆదివారం కంప్యూటర్ తెర మీద బొమ్మలు నడిపించే నా కొత్త గ్రాఫిక్స్ కార్డును పెట్టాను.

ముందు బావ సంగతి చెప్పాలి. వాళ్ళ తాత పలాస నుంచి బిలాస్‌పూర్ వచ్చి ఆవిరి ఇంజన్లలో బొగ్గు ఎగదోశాడు. తండ్రి షెడ్డులో పనిచేశాడు. బావ గూడ్సు బండి లోకోపైలట్ అయ్యాడు. కోర్బా బొగ్గు మోసుకుంటూ, ఖోడ్రీ ఘాట్ కొండ మీద బండిని నెమ్మదిగా ఎక్కిస్తూ సగం జీవితం గడిపాడు. ఇంట్లో ఉన్నన్నాళ్ళు చిరాకు పడేవాడు, డ్యూటీకి పిలుపు వస్తే మొహం వెలిగిపోయేది. మా అప్ప కనకం అది చూసి ఒళ్ళుమండి, "పెల్లి నాతో అయిందా, ఇంజన్‌తో అయిందా?" అని అడిగేది. బావ ఆలోగా బ్యాగు సర్దుకునేవాడు.

రెండేళ్ళ కిందట వైద్య పరీక్షలో ఆయన చూపు పనికిరాదన్నారు. చక్కెర జబ్బు కంటి లోపలి పొరను దెబ్బతీసిందనీ, కళ్ళజోడుతో సరయ్యేది కాదనీ చెప్పి ఇంజను దింపేశారు. ఇప్పుడాయన లాబీలో కూర్చుంటాడు. లాబీ అంటే డ్యూటీకి వచ్చిన పైలట్లు సంతకం పెట్టి, తాగలేదని గొట్టంలోకి ఊది చూపించి బయలుదేరే గది. వాళ్ళంతా బ్యాగులు భుజానికి తగిలించుకుని ప్లాట్‌ఫాం వైపు వెళ్తుంటే ఈయన బల్ల వెనకాల నుంచి చూస్తూ ఉంటాడు. ఆ గదిలో పెట్టడం కంటే ఏ గోదాములోనో పడేసినా బాగుండేదని నాకు అనిపిస్తుంది. ఆకలి మీదున్నవాణ్ణి హోటలు గుమ్మంలో కూర్చోబెట్టినట్టుంది ఆ ఉద్యోగం.

బావ ఆ తీర్పు ఏనాడూ ఒప్పుకోలేదు. "ఆ రోజు కళ్ళల్లో సుక్కలేసీసినారు. సుక్కలేసినాక ఎవుడికి అవుపడతాది?" అంటాడు. మళ్ళీ పరీక్ష చెయ్యమని అర్జీ పెట్టుకున్నాడు. ఆ ఆదివారం తర్వాతి వారం రమ్మని కబురొచ్చింది. ఆ కబురొచ్చిన దగ్గర్నుంచి మనిషి నడకే మారిపోయింది.

ఇక నా సంగతి. బొగ్గు కంపెనీ ఆఫీసులో పని, రాజ్‌కిశోర్ నగర్‌లో ఇల్లు, నలభై దాటినా వదలని వీడియో గేముల పిచ్చి. బావ బెంగ చూడలేక, రైలు నడిపే గేమొకటి ఆయన కంప్యూటర్‌లో పెట్టించాను. అందులో ఎవరో ఔత్సాహికుడు తయారుచేసిన మన దేశపు మార్గం ఉంది. కొండ, అడవి, ఒక లెవెల్ క్రాసింగ్ గేటు, అది దాటాక చిన్న వంతెన, ఆ పైన ఎక్కడో డిస్టెంట్ సిగ్నల్. స్టేషన్ రాబోతోందని ముందుగా కబురు చెప్పే సిగ్నల్ అది. గేములో ఆ ఊరికి వేరే పేరుంది. బావ మాత్రం మొదటి రోజే దానికి ఖోడ్రీ అని పేరు పెట్టేశాడు.

ఆయన ఒంటరిగా నడపడు. అసిస్టెంట్ లేకుండా బండి కదలకూడదట. అందుకని సాయంత్రం పూట అప్ప కుర్చీ లాక్కుని పక్కన కూర్చునేది, ఒడిలో ఎర్ర భాజీ కట్ట వేసుకుని ఆకులు తుంచుకుంటూ. ఇంజనులో పద్ధతి ఏమిటంటే, సిగ్నల్ ముందు ఎవరు చూస్తే వాళ్ళు చెయ్యి చాపి దాని రంగు పైకి చెప్పాలి. రెండోవాళ్ళు తమ కళ్ళతో చూశాకే ఆ మాట తిరిగి చెప్పాలి. చూడకుండా తిరిగి చెప్పడం మహాపాపం. చూసి కూడా చెప్పకపోవడం అంతకంటే పాపం. అప్పకు ఇదంతా పెళ్ళయిన కొత్తలోనే వంటబట్టింది. వాళ్ళిద్దరూ "డిస్టెంట్ గ్రీన్" అని దాదాపు ఒక్కసారే అనేవాళ్ళు. ఎంత చక్కగా కుదిరారో అని నేను మురిసిపోయేవాణ్ణి.

ఆ కంప్యూటర్‌లో ఉన్నది నా పాత కార్డే. నలభై డెబ్భై అంటారు దాన్ని. నిక్షేపంలాంటి కార్డు. అయితే కంపెనీవాడు ఏడాది తిరిగేసరికి దానికే కాస్త ముస్తాబు చేసి, పేరు చివర సూపర్ అని తగిలించి మళ్ళీ బజార్లోకి వదిలాడు. నాలాంటి వెర్రివాళ్ళు ఉన్నంతకాలం వాళ్ళకేం లోటు? దయాల్‌బంద్‌లో కంప్యూటర్ దుకాణం నడిపే రాజేంద్ర మంచివాడు, "సార్, ఫరక్ జ్యాదా నహీ హై" అని, తేడా పెద్దగా ఉండదని ముందే చెప్పాడు. వింటేగా. మెమరీ అదే పన్నెండు జీబీ, లోపల పనిచేసే కోర్లు మాత్రం ఎక్కువ, కాస్త కరెంటు ఎక్కువ తాగుతుంది, బొమ్మలు మరికాస్త జోరుగా కదులుతాయి. నేను సూపర్ కొని, పాతది బావకిచ్చాను. ఆ తర్వాత వారం వారం ఆయన సణుగుడు మొదలైంది.

"నీ కార్డు పాతదైపోనాదిరా బామ్మర్దీ. సిగ్నల్ మసగ్గా ఒస్తంది. గేటు కాణ్ణుంచి అవుపడాల, వంతెన మీదకొస్తే గానీ తెలట్నేదు."

"బావా, సెట్టింగు ఒకటే అయితే రెండు కార్డులూ సూపించే బొమ్మ ఒకటే. స్పీడే తేడా. ఇత్నా సా ఫరక్."

"నువ్వు సూపర్ ఎట్టుకోని నాకు ఒట్టిది ఇచ్చీసి ఇప్పుడు ఫరక్ నేదంతావేటి? ఆదివారం ఒట్టుకురా. నా కళ్ళు బాగున్నాయో, నీ కార్డు బాగులేదో తేల్చీద్దాం."

ఆ మాటలో ఏముందో అప్పుడు నాకు తట్టలేదు. మళ్ళీ పరీక్షకు వెళ్ళే ధైర్యమంతా ఆయన ఆ కార్డు మీదే పెట్టుకున్నాడు. కొత్త కార్డులో సిగ్నల్ దూరం నుంచి కనిపిస్తే ఆయన కళ్ళు మంచివే, తప్పు పాత కార్డుది. నేను సూపర్‌ను పెట్టెలో పెట్టుకుని, స్కూటర్ మీద అర్పా నది వంతెన దాటి రైల్వే కాలనీకి పోయాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కంప్యూటర్ ముందు చేరాం. బావ ఉతికిన చొక్కా వేసుకున్నాడు. పరీక్షకు షరతులు ఆయనే పెట్టాడు. అదే బండి, అదే బొగ్గు లోడు, అదే సంధ్యవేళ, అదే సిగ్నల్. నేను తెర మూలలో సెకనుకు ఎన్ని ఫ్రేములు, అంటే బొమ్మలు, వస్తున్నాయో చూపించే అంకె పెట్టబోతే, "అదెందుకురా? తీసీ. డ్రైవరు రోడ్డు సూడాల గానీ ఆ మూల ఏటి సూస్తాడు?" అని కసిరాడు. ఏళ్ళ తరబడి కార్డులు పోల్చినవాణ్ణి, నా కొలబద్ద మొదటి నిమిషంలోనే చెత్తబుట్టలోకి పోయింది.

ముందు పాత కార్డుతో. నేను వెనకాల కొత్త కార్డు పెట్టె విప్పుతూ, తెరను ఓరకంట మాత్రమే చూస్తున్నాను. బావ గేము కోసం బల్లకు బిగించిన లివర్ తిప్పాడు, బండి కదిలింది. గేటు దాటింది. వంతెన మీదకొచ్చాక ఆయన చెయ్యి చాచి "డిస్టెంట్ గ్రీన్" అన్నాడు. పక్కన అప్ప కూడా అదే అంది.

కంప్యూటర్ ఆపి, కొత్త కార్డు బిగించాను. అంతసేపూ బావ నా భుజం మీద నుంచి వంగి చూస్తూ, "జాగర్తరా, ఎక్కడా ఒదులుగా ఉండకూడదు" అంటూనే ఉన్నాడు. ఇంతలో అప్ప టీ పెట్టడానికి లేచింది. "అయితే నువ్వు కూకో అసిస్టెంటుగా. పద్ధతి తెలుసు కదా?" అన్నాడు బావ. తెలియకేం, అన్నాను.

బండి బయలుదేరింది. నిజం చెప్పొద్దూ, చెట్లు ఎంత మెత్తగా వెనక్కి జారిపోతున్నాయో చూసి నా మనసు ఉప్పొంగింది. పెట్టిన డబ్బుకు న్యాయం జరిగిందని లోపల సంబరపడుతూనే గేటు దగ్గరకొచ్చాను. దూరాన చీకటి పడుతున్న కొండ పక్కన పచ్చటి చుక్క మెరిసింది. నా కార్డు గొప్పతనం బావకు చూపించాలన్న ఉబలాటంలో చెయ్యి చాపి, "డిస్టెంట్ గ్రీన్!" అని గట్టిగా అరిచాను.

బావ చెయ్యి సగం లేచి ఆగిపోయింది.

తెరలోకి వంగాడు. కళ్ళు చికిలించాడు. మళ్ళీ నిటారుగా కూర్చున్నాడు. ఆ మాట తిరిగి చెబుతాడని ఎదురుచూశాను. చెప్పలేదు. బ్రేకు వేశాడు. బొగ్గు బండి మూలుగుతూ వంతెనకు ఇవతలే నిలబడిపోయింది. అసిస్టెంట్ చెప్పిన సిగ్నల్ తనకు కనబడకపోతే పైలట్ చెయ్యాల్సింది అదే. గేములో కూడా ఆయన అదే చేశాడు.

"కార్డు మీద మోజుతో గాలిలో కూసినావేటిరా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నవ్వు మొహంలో నిలవలేదు.

అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఆ మాటతో ఆయన వచ్చే వారం పరీక్షకు వెళ్తాడు, అక్కడ ముక్కూ మొహం తెలియనివాళ్ళ ముందు ఇదే జరుగుతుంది. అప్ప టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉంది. ఆగి ఉన్న బండిని, నా మొహాన్ని, ఆయన మొహాన్ని చూసింది.

"కనకం, నువ్వు సూడు. ఇక్కణ్ణుంచి సిగ్నల్ అవుపడతందా?" అని అడిగాడు బావ.

అప్ప గ్లాసులు బల్ల మీద పెట్టింది. "అవుపడతంది. గ్రీనే."

"సూపర్ కార్డు కదా మరి" అన్నాడు బావ, ఆశగా.

అప్ప నా వైపు చూసింది. నేను తలదించుకున్నాను. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని, కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

"పాతదాంట్లో గూడా నాకు గేటు కాణ్ణుంచే అవుపడేది" అంది.

"మరి ఇన్నాళ్ళూ వంతెన మీదకొచ్చినాకే సెప్పినావేటి?"

"నువ్వు సూసేదాకా ఆగేదాన్ని."

ఎంత చక్కగా కుదిరారో అని ఇన్నాళ్ళూ నేను మెచ్చుకున్నది ఇదన్నమాట. రోజూ గేటు దగ్గర సిగ్నల్ చూసి, ఒడిలో ఆకులు తుంచుకుంటూ, పెదవి బిగబట్టి, ఆయన చెయ్యి లేచేదాకా వంతెన వైపు చూస్తూ కూర్చున్న మా అప్పను నేను ఒక్కసారీ గమనించలేదు.

బావకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. "సిగ్నల్ సూసి సెప్పకపోడం తప్పు కనకం. బండి ఏటైపోద్ది?" అన్నాడు.

"ఈ బండికేటవుద్ది? ఆగిపోతే మల్లీ తోలుకోవచ్చు. నువ్వు ఆగిపోతే నేనేటి సేద్దును?" అంది అప్ప. ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు.

బావ టీ గ్లాసు అందుకుని చివరిదాకా తాగాడు. తర్వాత నా వైపు తిరిగి, "నీ సూపర్ విప్పీసి ఒట్టుకెల్లు. నాకు పాతదే సాలు. ఫరక్ నేదు, నువ్వన్నది నిజమే" అన్నాడు. పదిమంది వీడియోలు పెట్టి గంటలు గంటలు వాదించుకునే పోలికను ఒక్క మాటలో తేల్చేశాడు. ఆ తీర్పు నిజం కాకుండా ఉంటే ఎంత బాగుండునని నాకనిపించింది. నా కార్డు పెట్టెలో పెట్టుకుంటుంటే, "లాబీలో రేపు సెప్పీస్తాను, మల్లీ పరీచ్చ అక్కర్లేదని" అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

పాత కార్డు తిరిగి బిగించాను. ఇక వెళ్ళొస్తానని లేవబోతే, "ఆగరా, ఒక ట్రిప్పు సూసి ఎల్లు" అన్నాడు. అప్ప ఆకుల పళ్ళెం తెచ్చుకోబోతే వద్దన్నాడు.

"ఇకమీద నువ్వు సూసీగానే సెప్పు. నాకోసం ఆగొద్దు."

బండి కదిలింది. గేటు వచ్చింది. అప్ప చెయ్యి చాపి, మొదటిసారి తన సమయానికి తాను, "డిస్టెంట్ గ్రీన్" అంది. బావ వేగం బాగా తగ్గించి, లివర్ మీద చెయ్యి వేసి, కనబడని ఆ దీపం వైపే చూస్తూ కూర్చున్నాడు. గేటు నుంచి వంతెన పెద్ద దూరం కాదు. ఆ బొగ్గు బండి నింపాదిగా పాకుతుంటే ముగ్గురం ఎదురుచూశాం. ఇంజను దిగినప్పటి నుంచీ ఆయన దాటాలని తపించింది ఆ కాస్త దూరమే.

వంతెన వచ్చాక ఆయన చెయ్యి లేచింది.

"డిస్టెంట్ గ్రీన్" అన్నాడు, అప్ప వైపు తిరిగి.