మామ మళ్లీ నేర్చిన మాట

మా మామ అంజయ్యగారు మొన్న సోమవారం తెల్లవారుజామున పరమపదించారు. రాత్రి నా వంటకు వంకలు పెట్టి, నవ్వి పడుకున్న మనిషి ఉదయానికి లేరన్న దిగ్భ్రాంతి నుంచి నేనింకా తేరుకోలేదు.

దేవరకొండ దగ్గరి మా సాలెవాడలో ఏ తగవైనా ఆయన మాటతోనే తీరేది. అంతటి వాగ్ధాటి గల మామ ఎదుట కోడలు నోరెత్తరాదని ఆ ఇంటి ఆచారం. ఏండ్ల తరబడి తలుపు చాటునే బతికాను. ఆయనకేం కావాలన్నా అత్తకు చెప్పేవారు, అత్త నాకు చెప్పేది.

నాగార్జునసాగర్ పనులు మొదలైన కొత్తలో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి, మాట పూర్తిగా పోయింది. నల్లగొండ దవాఖానలో డాక్టరు, "ఇంటికి తీస్కపోయి చెయ్యి ఆడించుండ్రి, మాట్లాడించుండ్రి. మందు గదే" అన్నారు. అత్త నూనెతో మర్దన చేసేది. మా ఆయన తండ్రి చేతిమీద తన చెయ్యి వేసి మగ్గం మీద పోగు నడిపే నాడె తోయించేవారు. మాట్లాడించబోతే మాత్రం మామ గోడవైపు తిరిగేవారు. నలుగురికీ తీర్పులు చెప్పిన నోటికి నత్తి నామోషీ అనిపించింది. ఆ మాట ఇక రాదేమోనని ఇల్లంతా కుమిలిపోయింది.

ఒకనాడు ఏదో కావాలని సైగ చేశారు. ఒకరు విసనకర్ర తెచ్చారు, ఒకరు దుప్పటి తెచ్చారు. ఆయన కోపంతో ఎడమచేత్తో నూలు కండెల బుట్ట విసిరికొట్టారు. అది వచ్చి నా కాలికి తగిలింది. ఇక ఆగలేక ఆయన ఎదుటికే వెళ్లాను.

"ఇసిరితె ఏం తెలుస్తది మామా? నోరు తెరిచి అడుగు!"

అత్త చేతిలోని చేట జారవిడిచింది. మామ నన్ను తేరిపార చూసి, "నీ... నీళ్లు" అన్నారు.

ఆచారాన్ని అత్తే అటకెక్కించింది. "నీ మీద కోపమొస్తెనే ఆయనకు మాటొస్తాంది. జర తిప్పలు పడు బిడ్డా" అంది. అప్పటినుంచి మా పాఠాలన్నీ పోట్లాటలే. కొన్నాళ్లకు అన్నం ముందు కూర్చుని, "పప్పుల ఉప్పు లేదు" అని సాంతం అనేశారు. మా ఆయన మగ్గం గుంటలోంచి ఎగిరి వచ్చారు, అత్త వాడంతా బెల్లం పంచింది. ఉప్పు మరిచి సత్కారం పొందిన కోడలిని బహుశా నేనొక్కతెనే. ఆ తర్వాత చాలాసార్లు కావాలనే ఉప్పు తగ్గించాను.

మళ్లీ తగవులు ఆయన దగ్గరికే వచ్చాయి. "నేను మెల్లగ చెప్త, మీరు మెల్లగ కొట్లాడుండ్రి" అనేవారు. సగం తగవులు ఆ నవ్వుల్లోనే తీరిపోయేవి.

మొన్న శ్మశానం దారిలో దింపుడు కల్లం దగ్గర పాడె దించారు. పోయినవారిని చెవిలో మూడుసార్లు పిలవడం కొడుకు వంతు. మా ఆయన వంగబోయి, ఆగి, నావైపు తిరిగారు.

"నువ్వు పిలువు. నీకైతె పలుకుతడు."

పెద్దలెవరూ కాదనలేదు. ఆ మహనీయునికి నేనివ్వగల నివాళి ఆ పిలుపే. నాతో పోట్లాడే ఆయన లోటును ఎవరూ తీర్చలేరు. "మామా" అని మూడుసార్లు పిలిచి, పలుకుతారేమోనని నిజంగానే ఆగాను.