పక్క పెళ్లిలో పలికిన మా మైకు

విమానాశ్రయం కొత్తగా తెరిచిన ఆ రోజుల్లో, శంషాబాద్ చుట్టుపక్కల ఖాళీ జాగా కనబడితే చాలు, ఓ ఫంక్షన్ హాలు లేచేది. అందులో వైరు లేని మైకు ఒకటి అరిచేది. డిప్లొమా చేసి మైకు సెట్లు కిరాయికిచ్చే షాపులో చేరిన నేను, తరంగాలన్నీ నా మాట వింటాయనుకునేవాణ్ణి (ఇంట్లో మా అమ్మే వినేది కాదు, అది వేరే సంగతి).

కొత్వాల్‌గూడలో ఒక పెద్దాయన పోతే, చర్చివాళ్లు ఇంటివాళ్లను ఓదార్చే ఆదరణ కూడికకు సెట్టు పట్టుకెళ్లాను. ఆయన ఎప్పుడో కోపంలో చిన్న కొడుకును "నా సావుకు గూడ రాకు" అన్నాడట. అతను నిజంగానే రాలేదు. టెంటు కింద అందరి నోటా అదే గుసగుస. ప్రార్థన అయ్యాక పెద్దాయన భార్య సాక్ష్యంగా నాలుగు మాటలు చెప్పడానికి లేచింది. అసలే పీలగొంతు. "ప్రభువుకు స్తోత్రం" అందో లేదో, మా స్పీకరు "మగపెండ్లివారు జర జల్ది రావాలె, బగారన్నం సల్లారిపోతున్నది!" అని గర్జించింది. గోడ అవతల పెళ్లి. వాళ్ల మైకూ మా మైకూ ఒకే చానెల్‌లో ఉన్నాయి. సౌండు పెంచాను. భోజనాల పిలుపు ఇంకా గట్టిగా వచ్చింది. పాస్టరుగారు కళ్లు మూసుకునే నన్ను చూశారు (అదెలాగో ఆయనకే తెలియాలి).

"ఏందన్నా గిట్ల? ఇజ్జత్ తీస్తున్నవ్!" అంది పెద్ద కోడలు.

పెద్దాయన భార్య మాత్రం ఆగలేదు. "చిన్నోడా, ఏడున్నవో ఏమో... మీ బాపు పోయేటప్పుడు నిన్ను..." అంటుండగా మైకు లాక్కుని, చానెల్ మార్చి చేతికిచ్చాను. "రమ్మన్నడు" అంది. ఖంగుమని వినబడింది. నా ఛాతీ ఉబ్బింది.

కాసేపటికి కూర మరకల అంగీతో ఒకతను వగరుస్తూ వచ్చాడు. చేతిలో వడ్డించే గరిటె. చిన్న కొడుకే. తండ్రి మాట దాటలేక, దూరంగానూ ఉండలేక, పక్క పెళ్లిలో వడ్డనకు కుదిరాడట. వాళ్ల మాటలు మాకు వినబడ్డట్టే మా మాటలూ వాళ్ల స్పీకర్లో వినబడ్డాయి, నేను చానెల్ మార్చేదాకా.

"అమ్మా, బాపు నన్ను ఏమన్నడే? సగమే ఇనొచ్చింది."

నేను మైకు అందించబోయాను (ఉద్యోగధర్మం). ఆవిడ దాన్ని తోసేసి, అతని మొహం చేతుల్లోకి తీసుకుంది.

"రమ్మన్నడు బిడ్డా. పాణం పోయేదాంక తలుపు దిక్కే సూసిండు. నీ ఫోను కలువకపాయె."

అతను గరిటెతోనే కూలబడ్డాడు. నాకూ ఏడుపొచ్చింది.

మర్నాడు మా ఓనరు "సెట్టు మంచిగ పనిచేసిందా?" అని అడిగితే "బ్రహ్మాండంగా చేసింది సార్" అన్నాను. అబద్ధం కాదు. ఆ జవాబు చెప్పిన కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కానీ పూర్తిగా నవ్వలేను.