సాగదీసినట్టుందన్న పేజీలు

ఆళ్లగడ్డ బజారులో మాది బట్టల అంగడి. సరుకు నంద్యాల నుంచి తెచ్చుకునేవాళ్లం. కొనేటప్పుడు మా నాయన నేర్పిందొక్కటే: నచ్చిన దాన్నే తిట్టాలి. మనసు పడిన గుడ్డ తానును రెండు వేళ్లతో ఎత్తి, మూతి విరిచి, "ఏందప్పా, ఈ రంగు రెండు ఉతుకులకన్నా నిలుస్తాదా?" అనాలి. బేరం తెగినాక, టీ తాగేటప్పుడు మాత్రం "మంచి సరుకే ఇచ్చినావులే" అని ఒప్పుకోవచ్చు. ఈ విద్య నాకెంత ఒంటబట్టిందంటే, పెళ్లిచూపుల్లో నచ్చిన పిల్ల ముందు కూడా మూతి విరుచుకుని కూర్చున్నాను. వాళ్లు మళ్లీ కబురు పెట్టలేదు.

డెబ్బైల్లో సరుకు కోసం పోయినప్పుడల్లా నంద్యాల బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల అంగడిలో దూరేవాణ్ణి. ఒక రచయిత్రి నవలలు దొరికింది అక్కడే. అందరూ మేడలూ కార్లూ రాస్తున్న రోజుల్లో ఆమె శెనక్కాయలు వొలిచే ఆడవాళ్ల గురించి రాసింది. మొత్తం తొమ్మిది. అన్నీ చదివినాను. చదువుతూ చదువుతూ గజం అడిగినామెకు గజమున్నర కోసిచ్చిన రోజులున్నాయి. మొదటి నవల మధ్యలో ఒక తల్లి పత్తి మిల్లు గేటు ముందు కూతురి కోసం కాచుకుని ఉంటుంది. పేజీలకు పేజీలు, ఇంకేమీ జరగదు. నేను ఏడ్చింది అక్కడే.

ఆ నవల సొంతానికి కావాలనుకున్నాను. యాడా దొరకలేదు.

"ఆయమ్మ ఈడనే ఉంటాది కదప్పా, చర్చి వెనక. రిటైరైన టీచరు" అన్నాడు అద్దె పుస్తకాలాయన.

పోయినాను. ఆమె, ఆమె చెల్లెలు ఇద్దరే ఉన్నారు. ఆళ్లగడ్డలో బట్టల అంగడి మాదని, ఆమె మొదటి నవల కోసం వచ్చినానని చెప్పినాను. బల్ల మీద రాస్తున్న కాగితాలు, పైన ఒక నాపరాయి ముక్క. పదో నవలంట. పెట్టెలోంచి పాత పుస్తకం తీసి, "ఇదొక్కటే మిగిలింది నాయనా" అంటూ నా చేతిలో పెట్టింది. అలవాటు చొప్పున దాన్ని రెండు వేళ్లతో ఎత్తినాను. మూతి విరిచినాను.

"అట్ట చినిగిపోయింది కదమ్మా. మధ్యలో గూడా సాగదీసినట్టుంటాది."

"యాడ?"

"ఆ మిల్లు గేటు కాడ. ఏమీ జరగదు గదా."

ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "అట్లనా. ఇన్నేండ్లూ ఎవురూ చెప్పలేదు నాయనా."

దుడ్లు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. దుడ్లు చేతులు మారకపోతే బేరం తెగనట్టే మా లెక్కలో. మెచ్చుకోవాల్సిన మాట నోట్లోనే ఉండిపోయింది. ఈసారి వచ్చినప్పుడు చెబుదాంలే అనుకుని, పుస్తకాన్ని ఊరికే కొట్టుకొచ్చిన మొనగాడిలాగా బస్సెక్కినాను.

ఆ ఈసారి రావడానికి ఏడాదిన్నర పట్టింది. పెళ్లిళ్ల సీజనొకటి, దసరా ఒకటి. చివరికి పోతే చెల్లెలు తలుపు తీసింది.

"అక్క ఎండాకాలంలో పోయిందప్పా. ఆళ్లగడ్డ బట్టలంగడాయన నువ్వే గదా?"

లోపలికి పోయి చీర అంచుతో కట్టిన ఆ పదో నవల కాగితాల కట్ట తెచ్చింది.

"నువ్వు చెప్పిపోయిన దినం నుంచి రాసిందాన్ని గీతలు గీసి కొట్టేస్తా కూచునింది. అంగడాయప్ప మొగమాటం లేకుండా చెప్పినాడు, కొనేవాళ్లకు ఏమీ జరగని పేజీలు వద్దంట అనేది. కొట్టేసి కొట్టేసి ఇంగ మొదలూ చివరా మిగిలినాయి."

"అమ్మా, నాకు నచ్చిందే అట్లాంటి పేజీలు" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మరి ఆమెకెందుకు చెప్పలేదప్పా?"

కట్ట విప్పినాను. టీచరమ్మ కదా, స్కేలు పెట్టి ఒక్కో వరుసనూ రెండేసి సార్లు కొట్టేసింది. ఒక కాగితం తీసి కిటికీ వెలుతురుకు పట్టుకున్నాను.

"ఏమన్నా కనపడతాందా?"

"చానా బాగా రాసిందమ్మా" అన్నాను.

ఒక్క అక్షరం కూడా కనపడలేదు.