పంకాల పని

మా మేనమామ పోయిండని ఫోన్ వచ్చినప్పుడు నేను హనుమకొండల నా దుకాన్ల ఒక టేబుల్ ఫ్యాన్ విప్పి ముందటేసుకొని కూసున్న. మార్చి నెల. ఎండలు అప్పుడే ముదురుతానయి, దుకాన్ నిండ ఫ్యాన్లే. ఫోన్ చేసినాయిన బొంబాయి రేవుల మామతోని పనిచేసేటోడు. హిందీల ఒక్కటే ముక్క చెప్పిండు, పంకాల పడి పోయిండని. ఇంకెవలన్న వింటె ఇంట్ల తిరిగే ఫ్యాన్ మీద పడ్డదనుకుంటరు. నాకు మాత్రం సమజయింది. చేతిల ఉన్న స్క్రూడ్రైవర్ కింద పెట్టిన. ఆ దినం మల్ల దాన్ని ముట్టలే.

మీకు సమజ్ కావాలంటె ముందుగాల మా మామ పనేందో చెప్పాలె. వరంగల్ కొత్తవాడల పుట్టినోడు, ఎటు యాభై కోసులు నడిచినా సముద్రం కనవడని ఊరోడు, ముప్పై ఏండ్లు సముద్రంల మునిగి బతికిండంటె మీరు నమ్ముతరా? బొంబాయిల పెద్దపెద్ద షావుకార్లకు తెరచాప పడవలుంటయి. షోకు పడవలు. గాలికి నడిచేటియే గని, గాలి పడిపోయినప్పుడు, రేవులకు తిరిగొచ్చేటప్పుడు నడవాలంటె కింద చిన్న ఇంజనుంటది. దానికి నీళ్లల తిరిగే కంచు రెక్కలుంటయి. రేవుల అందరు దాన్ని పంకానే అంటరు. పడవ కట్టేసి ఉంటె ఆ పంకాకు గుల్లలు పడ్తయి. జొన్నగింజంత తెల్ల గుల్ల, సిమెంటు పెట్టినట్టు అతుక్కుంటది, ముట్టుకుంటె బ్లేడు లెక్క కోస్తది. నాలుగైదు నెలలు పట్టించుకోకుంటె రెక్క కనవడది, అన్ని గుల్లలే. ఇగ ఇంజను ఎంత మొత్తుకున్నా పడవ ముందటికి పోదు. ఆ గుల్లలు పడకుంట చూసుడు, పడితె మునిగి గీకుడు, ఇదే మామ పని.

ఇంట్ల మాత్రం ఏం చెప్పిండు? "పంకాల పని దొరికిందే అవ్వా" అని చెప్పిండు. అబద్ధం కాదు. నిజం సుత కాదు. మా తాత పొలం బావిల పూడిక తియ్య దిగి మల్ల పైకి రాలే. మామకు అప్పుడు ఎనిమిదేండ్లు. ఆ దినం నుంచి మా అమ్మమ్మ కొడుకును నీళ్ల దగ్గరికి పోనియ్యలే. వాన నీళ్లు నిలిచిన గుంతల కాలు పెడితె సుత ఈపు పలగ్గొట్టేది. అసొంటి తల్లికి సముద్రంల మునుగుతాన అని ఎట్ల చెప్తడు?

ఆ ఒక్క మాటతోని మా వాడకట్టు మొత్తం మోసపోయింది. ఎండకాలం పదిహేను దినాలు మామ ఇంటికొచ్చిండంటె సాలు, సంకల ఫ్యాన్లు పెట్టుకొని జనం బారు కట్టేటోళ్లు. "బొంబాయి మెకానిక్ వచ్చిండట గద!" మొదటిసారి ఒక పెద్దమనిషి తెచ్చిన ఫ్యాన్‌ను మామ విప్పిండు. విప్పుడైతె విప్పిండు గని ఏది ఎక్కడిదో తెల్వది. చెమటలు కారుతానయి. అమ్మమ్మ పక్కన కూసోని కొడుకు పనితనం కండ్లార చూస్తాంది. మామ నా చెవుల అన్నడు, "అల్లుడా, దీన్ని గోనెసంచిల ఏసుకొని హనుమకొండకు ఉరుకు. లేకుంటె నా ఇజ్జత్ పోతది." నేను ఆటో ఎక్కి ఉరికిన. అక్కడ మెకానిక్ బాగు చేస్తాంటె పక్కకు నిలవడి చూసిన. మల్లేడు వచ్చేసరికి నేనే విప్పి నేనే బిగించిన, పేరు మామకొచ్చింది. ఇయ్యాల నాకో దుకాన్ ఉన్నదంటె, నా పిల్లలు తింటాన్రంటె, అది మామ ఆడిన ఆ మాట పుణ్యమే.

మామ చేతులు మీరు చూసి ఉంటె బాగుండు. ఏళ్ల మీద, అరచేతుల మీద సన్నసన్న కోతలు, ఎన్నడు మానని కోతలు. "గా ఫ్యాన్ రెక్కలు గింత కోస్తయారా?" అని అమ్మమ్మ అడిగేది. "బొంబాయి ఫ్యాన్లు జర పదునే అవ్వా" అనేటోడు. ఆమె నమ్మేది. నేను గోడ దిక్కు తిరిగి నవ్వేటోన్ని.

నేను సుత బొంబాయిల పదకొండేండ్లు ఆయినతోని చేసిన. ఆయిన కింద, నేను పైన. నీళ్లల దిగే ముందట ఇంజను తాళంచెవి తీసి తన మొలతాడుకు కట్టుకునేటోడు. ఎంత పెద్ద షావుకారు పడవైనా సరే, తాళం ఇయ్యకుంటె దిగకపోయేది. "తాళం నా నడుముకున్నది, పానం నీ చేతిలున్నది. ఎవన్ని పడవ ఎక్కనియ్యకు" అనేటోడు. ఇనుప గీకుడుబిళ్ల ఎన్నడు ముట్టలే. కట్టెతోని, ప్లాస్టిక్ ముక్కతోని గీకేది. గీత పడితె ఆ గీతలనే గుల్ల మల్ల ఇల్లు కట్టుకుంటదట. పడవలోళ్ల ఎనుక పడేటోడు, వారానికి ఒక్కసారన్న ఇంజను పెట్టి పది నిమిషాలు తిప్పుర్రి సార్, తిరిగేదానికి పట్టయి, కూసున్నదానికే పడ్తయి అని. నేను ఆదివారం పొద్దెక్కేదాక పండుకుంటె చెద్దరు గుంజి, "లే, గుల్లలు పడ్తయి" అనేటోడు. మా ఇంట్ల నా పిల్లలకు ఇప్పటికి అదే మాట.

ఒకేడు ఒక షావుకారు బయటి దేశం నుంచి ఒక డబ్బ తెచ్చిండు, పంకాకు పూస్తె గుల్లలు అతుకయట. మామ మూత తీసి వాసన చూసి అట్లనే కూసుండిపోయిండు. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "అల్లుడా, ఇది మా అవ్వ చేతుల వాసన రా" అన్నడు. నేను సుత వాసన చూసిన. నిజమే. మా అమ్మమ్మ నా చిన్నప్పటిదాక కొత్తవాడల తివాచీలు నేసే షెడ్డుల గొర్రె బొచ్చు కడిగేది. ఆ డబ్బల ఉన్నది గొర్రె బొచ్చుల జిడ్డే. వేరే ఏం లేదు.

అదే దినం ఫోన్ చేసిండు. "అవ్వా, బొచ్చు ఉడకబెడితె మీద జిడ్డు తేలుతది సూడు, అది జర తీసి పంపుతవా? పంకాలకు మస్తు పనిచేస్తది." కొడుకు ఒకటి అడిగిండని ఆమె మురిసిపోయింది. ఆ యేడు నుంచి దసరాకు నెల ముందట గొర్లోళ్ల దగ్గర బొచ్చు తెప్పిచ్చుకునేది. ఉప్పేసి పొద్దంత ఉడకబెట్టేది, బట్టల వడగట్టేది, సల్లారినంక మీద పేరుకున్న పచ్చటి జిడ్డును గంటెతోని తీసేది. మల్ల కాచి మల్ల తీసేది. ఇల్లంత గొర్రెల మంద పండుకున్నట్టు వాసన. ఒక గాజు సీస నిండేది. దాన్ని బొంబాయి చేర్పిచ్చేది నేనే, ఆడ పనిచేసినప్పుడు వెంట తీస్కపోయి, ఊరికొచ్చేసినంక బస్సుల పంపి.

వానకాలం పడవలను ఒడ్డుకు గుంజి పెడ్తరు, దసరా అయినంక నీళ్లల దించుతరు. దించే ముందట మామ పంకాను అద్దం లెక్క రుద్ది, ఆరబెట్టి, జర వేడి చేసి, ఈ జిడ్డును కరిగించి పట్టిచ్చేటోడు. దాని మీద గుల్లకు పట్టు చిక్కది. పడ్డా బొటనేలుతోని నూకితె రాలుతది. ఆ యేడంత మామ మునిగే పని సగానికి సగం తగ్గేది. కొడుకును నీళ్లల దిగనియ్యొద్దని ఒట్టు పెట్టుకున్న తల్లి, ఏం తెల్వకుంటనే కొడుకును నీళ్లల నుంచి పైకి గుంజి పట్టుకున్నది. మామ ఈ సంగతి నాకొక్కనికే చెప్పిండు.

మూడేండ్ల కింద మామనే నన్ను ఎల్లగొట్టిండు. "పెండ్లాం పిల్లలున్నోనివి, పోయి ఊర్ల దుకాన్ పెట్టుకో. నాకెవలున్నరు, అవ్వ తప్ప" అన్నడు. ఆయిన పెండ్లి చేసుకోలే. నేను వచ్చేసిన.

ఇగ పోయిన దసరా ముచ్చట. దీనికోసమే ఇదంత రాస్తాన. అమ్మమ్మకు ఇప్పుడు ఎనభై దాటినయి, చేతులు వణుకుతయి. అయినా తీసింది. సీస నా చేతికిచ్చి, "ఈసారి పలుచగొచ్చినట్టున్నది బిడ్డా. ఎట్లయితెంది, ఇయ్యాల్నే పంపు" అన్నది. నేను తెచ్చి దుకాన్ల అల్మారా మీద పెట్టిన. కొరియరోళ్లు కారుతది, తీసుకోం అన్నరు. బొంబాయి బస్సుల పంపొచ్చు. నేనే రైలెక్కి పోయి మామను చూసి రావొచ్చు. ఇయ్యాల, రేపు అనుకుంట అనుకుంట దసరా ఎల్లిపోయింది. పడవలు నీళ్లల దిగినయి. ఫోన్ చేసి చెప్పిన. మామ నవ్విండు. "ఫికర్ చెయ్యకురా. ఈ యేడు గీకుత. గీకుడు నాకు కొత్తనా?" నేను సిగ్గులేకుంట నిమ్మలపడ్డ.

మార్చి వచ్చేసరికి పంకా నిండ గుల్లలు. మామ మునిగిండు. ఎప్పటి లెక్కనే తాళం మొలతాడుకు కట్టుకున్నడు. పైన కొత్త మనిషి, చాయ్ తాగొస్తనని ఒడ్డుకు పోయిండట. అంతల్నే పడవాయిన దోస్తులు వచ్చిన్రు, వాళ్ల దగ్గర రెండో తాళంచెవి ఉన్నది. ఇంజను పెట్టిన్రు. కింద మనిషి ఉన్నడని ఎవలికి తెల్వది. పైన నేనుంటె తెలిసేది.

పీనుగను అంబులెన్సుల తెచ్చిన్రు. మొకం తప్ప ఏం చూపెట్టలే. ఒక ప్లాస్టిక్ కవర్ల ఆయిన ఫోను, తెగిన మొలతాడు, దానికి ఆ తాళంచెవి అట్లనే ఉన్నయి. "ఎట్లయింది బిడ్డా?" అని అమ్మమ్మ అడిగింది. "పంకా తగిలింది అమ్మమ్మా" అన్న. నా నోట్లె నుంచి సుత మామ మాటనే వచ్చింది. "ఈ తాళమేంది?" అన్నది. "రూముది" అన్న. కొంగుకు ముడేసుకున్నది.

ఆ దినం నుంచి ఆ ఇంట్ల ఫ్యాన్ తిరుగలే. మా వరంగల్ ఎండలు మీకు ఎరికే. రేకుల ఇల్లు. ఆమె ఆ ఆగిన ఫ్యాన్ కింద చెమటల తడిసి కూసుంటది, ఎవలన్న స్విచ్ మీద చెయ్యేస్తె, "ముట్టకు" అని అరుస్తది. పదకొండో దినం అందరు పోయినంక నన్ను పిలిచి అన్నది, "జిడ్డు పలుచగొచ్చె బిడ్డా. మంచిగ తీసి ఉంటె పంకా పట్టేసేది కాదు. నా కొడుకును నేనే తిన్న. ఈ చేతులే తిన్నయి."

ఆ మాట విన్నంక సుత నేను నోరు తెరవలే. ఒక్క దినం కాదు, నెల దినాలు. ఆమె అన్నం తగ్గించింది. నాలుగు మెతుకులు తిని పల్లెం నూకుతది. దవాఖానకు తీస్కపోతె ఏం జబ్బు లేదన్నరు. జబ్బేందో నాకు తెలుసు. నా కుర్చీకి రెండడుగుల దూరంల, అల్మారా మీద, మూత తియ్యని సీసల ఉన్నది ఆ జబ్బు. ఫ్యాన్ బాగుచేసుకుంట తల ఎత్తితె అదే కనవడుతది. థూ నా బతుకు అనుకునేది. అయినా అమ్మమ్మ దగ్గరికి పోకపోయేది. మామ దాచిన మాట నేనెట్ల చెప్పాలె అని నాకు నేను సాకు చెప్పుకున్న. అసలు సంగతి అది కాదు. నాకు భయం.

మొన్న ఆదివారం సీస పట్టుకొని పోయిన. ఆమె ముందట పెట్టిన.

"పంపలే అమ్మమ్మా. నీ జిడ్డు బొంబాయి చేరనే లేదు. నీ చేతుల తప్పేం లేదు. నాదే తప్పు."

ఇగ ఆపలే. సముద్రం, పడవలు, గుల్లలు, ముప్పై ఏండ్ల మునుగుడు, ఆ సీస ఎందుకడిగేటోడో, తాళం దేనిదో, అన్ని చెప్పిన. ఆమె గోడకు ఆనుకొని విన్నది. నడుమ ఒక్కటే అడిగింది.

"నీళ్లలనా?"

"నీళ్లలనే."

కొట్టుతదనుకున్న. కొడితె బాగుండు. ఆమె సీస మూత తీసింది. ఏలుతోని ఇంత జిడ్డు తీసి, బొటనేలికి పాముకొని చూసింది, ముక్కు దగ్గర పెట్టుకున్నది. ఇల్లంత ఆ వాసన. మామ బొంబాయిల డబ్బ మూత తీసి కూసున్న దినం నాకు యాదికొచ్చింది.

"పలుచగ లేదు," అన్నది అమ్మమ్మ. "మంచిగనే తీసిన."

కొంగు ముడి విప్పింది. తాళంచెవికి ఉప్పునీళ్ల తుప్పు పట్టి ఉన్నది, రింగు ఎర్రగయింది. ఏలికున్న జిడ్డును దానికి పూసి, వణికే చేతులతోని రుద్దుడు మొదలు పెట్టింది. నా చొక్క ఈపుకు అతుక్కపోయింది. లేచి ఫ్యాన్ స్విచ్ దిక్కు పోయిన.

"ఉండనీ" అన్నది. అదే ఇప్పటిదాక ఆమె నాతోని ఆడిన ఆఖరి మాట.

రోజు పొద్దుగూకే యాళ్లకు అన్నం తీసుకొని పోతాన. నా చేతుల నుంచి తీసుకోది, నా పెండ్లాం పెడితె తింటది. ఇప్పుడు కడుపునిండ తింటాంది, అది ఒక్కటి సాలు. తిన్నంక సీస ముందటేసుకొని, ఆగిపోయిన ఫ్యాన్ కింద కూసోని, ఆ తాళంచెవిని రుద్దుతది. తళతళ మెరుస్తాంది. ఆ పడవ ఇంజను రెండో తాళంతోని ఇప్పటికి నడుస్తనే ఉండొచ్చు. ఈ తాళానికి మాత్రం మా అమ్మమ్మ తుప్పు పట్టనిస్తలేదు.