గొంతెత్తి చదవడానికి చోటు వెతుక్కుంటూ: మహబూలా నుంచి పాత సూక్ దాకా

సెలవురోజు వస్తే మా మహబూలాలో పిల్లలున్న ప్రతి తెలుగింట్లోనూ ఒకటే గోల. పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్దాం? మాల్ అంటారు, బీచ్ అంటారు, చివరికి ఇంట్లోనే ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. పోయిన చలికాలంలో ఒక శనివారం నేను మాత్రం ఓ చైనా పిల్లను వెంటబెట్టుకుని కువైట్ సిటీ అంతా తిరిగాను. సరదాకు కాదు. ఆ పిల్ల గొంతెత్తి ఒక పేజీ ఇంగ్లిషు చదవడానికి చోటు కావాలి, అది కూడా సాయంత్రంలోగా దొరకాలి. మీ పిల్లలకూ ఇంగ్లిషు చదివించే తంటా ఉంటే ఈ దారిలో ఒకసారి వెళ్ళి చూడండి.

ముందు ఈ ప్రయాణం ఎందుకొచ్చిందో చెప్పాలి. మాది కోనసీమ. పెళ్ళికి ముందు అమలాపురం దగ్గర ఒక ప్రైవేటు బళ్ళో ఇంగ్లిషు చెప్పేదాన్ని. ఇక్కడికొచ్చాక ఇంటిదగ్గరే నలుగురైదుగురికి ట్యూషను చెబుతున్నాను. వాళ్ళలో ఒకతి యూతోంగ్, పదకొండేళ్ళది. వాళ్ళుండేది మంగఫ్‌లో. నాన్న ఆ పక్కనే సైట్లో ఇంజనీరు. రాత్రిపూట క్రేన్లతో పెద్ద పైపులు ఎత్తించే పని. పిల్ల చైనా నుంచి తెచ్చుకున్న పదాల పుస్తకం చూస్తే నాకే కళ్ళు తిరిగాయి. ఒక వరసలో ఇంగ్లిషు మాటలు, ఎదురుగా చైనా అర్థాలు. అర్థాల మీద ఎర్రటి ప్లాస్టిక్ కాగితం పెట్టి మూసేసి తనకు తానే పరీక్ష పెట్టుకుంటుంది. పాఠం ఇచ్చి, కింద ప్రశ్నకు నాలుగు జవాబులిస్తే చకచకా టిక్కులు పెట్టేస్తుంది, ఒక్కటీ తప్పు పోదు. "ఇప్పుడు పైకి చదువమ్మా" అంటే మాత్రం బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటుంది.

ఎందుకో తెలుసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. చైనాలో వాళ్ళ బళ్ళో పొద్దున్నే క్లాసంతా ఒక్క గొంతుతో పాఠం అరిచి చదువుతారట, మనం ఎక్కాలు అరిచినట్టే. అంతమంది గొంతుల్లో తన గొంతూ కలిసిపోయేది. ఇక్కడ ఆ గుంపు లేదు. పైగా రాత్రి డ్యూటీ చేసొచ్చిన నాన్న పగలంతా పడుకుంటాడు. ఇల్లు చూస్తే రెండు గదులు. పుస్తకం పట్టుకుని పిల్ల నోరు తెరిస్తే చాలు, వాళ్ళమ్మ పెదాల మీద వేలు పెట్టి "ష్" అంటుంది. అలా అలా చప్పుడు రాకుండా పెదాలు మాత్రం కదిపి చదవడం అలవాటైపోయింది. పాపం, ఎవరినీ అనడానికి లేదు.

ఇక్కడ సెలవులు శుక్ర, శనివారాలే కదా, ఆదివారం పొద్దున ఒక ఇంగ్లిషు మీడియం బళ్ళో ఆ పిల్లకు పరీక్ష. రాత పరీక్ష అప్పటికే అయిపోయింది, మార్కులు బాగానే వచ్చాయి. మిగిలింది ఒక్కటే. ఒక టీచరు ముందు కూర్చుని, ఎప్పుడూ చూడని పేజీ ఒకటి పైకి చదవాలి. అంతకుముందు ఒకసారి అదే గదిలో కూర్చుని నోరు విప్పకుండా లేచి వచ్చేసిందట. ఇది రెండో అవకాశం, ఆఖరిది. సీటు రాకపోతే తల్లీ కూతురూ చైనా వెళ్ళిపోవాలి, నాన్న ఒక్కడే ఇక్కడ ఉండాలి. శుక్రవారం సాయంత్రం వాళ్ళమ్మ ఫోనులోని అనువాద యాప్‌కు చైనా భాషలో ఏదో చెప్పి నా వైపు తిప్పింది. ఆ ఫోను ఇంగ్లిషులో, ఏ భావమూ లేని గొంతుతో, "మా ఇల్లు రెండు ముక్కలవుతుంది" అంది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అని మా ఆయన ఎప్పుడూ వెక్కిరిస్తాడు. సరే, మూడే. రేపు పిల్లను నాతో పంపండి, చదివించి తీసుకొస్తాను అని చెప్పేశాను.

శనివారం పొద్దున్నే వాళ్ళమ్మ పిల్లను మా ఇంటి దగ్గర దింపింది. ఏడింటికల్లా ఇద్దరం మహబూలా బీచ్‌లో ఉన్నాం. మనుషులు తక్కువ, సముద్రం ఎదురుగా, ఇంతకన్నా మంచి చోటు ఏముంటుంది అనుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను. నడకకు వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే మా పక్కనుంచి వెళ్తూ తిరిగి చూస్తున్నారు. ఖాళీ చోట్లో ఒక్క మనిషి చూసినా ఊరంతా చూసినట్టే ఉంటుంది. పిల్ల పేజీ పట్టుకుని నిలబడింది, పెదాలు కదిలాయి, చప్పుడు లేదు. గంటసేపు బతిమాలాను, బుజ్జగించాను, కాస్త విసుక్కున్నాను కూడా. లాభం లేకపోయింది.

ఇంటికి తీసుకెళ్ళిపోదామా అని ఒక్క క్షణం అనిపించింది. మళ్ళీ ఆ ఫోను గొంతు గుర్తొచ్చి, "పద, బస్సెక్కుదాం" అన్నాను. ఫహాహీల్ నుంచి సిటీలోని మిర్గాబ్‌కు వెళ్ళే బస్సులు మా రోడ్డు మీదే ఆగుతాయి. మూడు వందల ఫిల్సుకు అటూ ఇటూగా ఉంటుంది టికెట్టు, వెయ్యి ఫిల్సులైతే ఒక దినారు. చిల్లర దగ్గర పెట్టుకోండి, దినారు నోటు ఇస్తే డ్రైవరు మొహం చిట్లిస్తాడు. సెలవురోజు కాబట్టి సీట్లు దొరికాయి, గంటకు పైనే పట్టింది. దారిలో కనిపించే బోర్డులు చదవమన్నాను. పిల్ల కిటికీ మీద వేలు పెట్టి చూపిస్తుంది తప్ప పలకదు. మిర్గాబ్ చేరకముందే బస్సు కిక్కిరిసింది. నలుగురైదుగురు ఫోన్లలో అరుస్తున్నారు, వెనక సీటాయన తనకు వీసా ఇచ్చిన యజమానిని, కఫీల్‌ను తిట్టుకుంటున్నాడు. ఆ గోలలో నా చెవి దగ్గర సన్నగా ఏదో వినిపించింది. వంగి చూస్తే యూతోంగ్ ఫార్మసీ బోర్డు చదువుతోంది. తిరిగి చూస్తే ఎక్కడ ఆపేస్తుందోనని కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు వెలిగింది నాకు. ఈ పిల్లకు కావలసింది నిశ్శబ్దం కాదు, గోల!

కువైట్ సిటీలో గోల కావాలంటే పాత సూక్‌లోని, అంటే పాత బజారులోని చేపల మార్కెట్‌ను మించింది లేదు. మిర్గాబ్ స్టాండు నుంచి నడిచి వెళ్ళొచ్చు, చలికాలమైతే హాయిగా ఉంటుంది. పొద్దుటి పూటే వెళ్ళాలి. బేరాలు, అరుపులు, నీళ్ళు చల్లుతున్న చప్పుడు, "యల్లా యల్లా" అంటూ బళ్ళు తోసేవాళ్ళు. ఊరికే నిలబడితే బాగుండదని ఒక బంగ్లాదేశీ అబ్బాయి దగ్గర కిలో రొయ్యలు కొన్నాను. అతను తూస్తుండగా పిల్ల చేతికి పేజీ ఇచ్చాను. వరదకు వంతెన కొట్టుకుపోయిన ఊళ్ళో పిల్లలు పడవెక్కి బడికి వెళ్ళే కథ అది. "చదువు, ఇక్కడ నీ మాట నీకే వినపడదు" అన్నాను.

చదివింది. మొదట ఆ గోలలో నాకు పెదాలే కనిపించాయి. తర్వాత పక్క కొట్టువాడు అరిస్తే వాడిని దాటడానికి తనూ గొంతు పెంచింది. రొయ్యల అబ్బాయి చేతిలో సంచి అలాగే పట్టుకుని వింటున్నాడు. పిల్ల అతన్ని చూసి టక్కున ఆపేసింది. అతను నా వైపు తిరిగి, "ఫిర్ క్యా హువా? నావ్ డూబ్ గయీ క్యా?" అన్నాడు.

"తర్వాత ఏమైంది, పడవ మునిగిందా అని అడుగుతున్నాడు" అని చెప్పాను. యూతోంగ్ కళ్ళు పెద్దవి చేసింది. ఇంతవరకు అందరూ తనను పాఠం కింద ప్రశ్నలకు జవాబులు అడగడమే కానీ, తర్వాత ఏమైందని ఎవరూ అడగలేదు. గబగబా చివరిదాకా చదివేసింది. పడవ మునగలేదు. అతను "అచ్ఛా" అని తృప్తిగా తలూపి మళ్ళీ అరుపుల్లో పడిపోయాడు.

సగం గెలిచాం. కానీ రేపు ఆ గదిలో చేపల మార్కెట్ ఉండదు కదా! అదే నన్ను తొలిచేస్తోంది. మధ్యాహ్నం మిర్గాబ్‌కు తిరిగొచ్చి, మనవాళ్ళు ఎక్కువగా తినే చిన్న హోటల్లోకి వెళ్ళాం. భోజనం దినారు లోపే అయిపోతుంది, పప్పు మన ఇంటి పప్పులాగే ఉంటుంది. అక్కడ వంట చేసే సత్తిబాబుది రాజోలు వైపు, మా ఆయనకు తెలిసినవాడు. రద్దీ తగ్గి హోటలు ఖాళీ అయింది. రొయ్యల సంచి అతని ఫ్రిజ్‌లో పెట్టించి సంగతంతా చెప్పాను.

"చదవమనండి మేడంగారూ, మేం ఇక్కడే ఉన్నాంగా, ఇంటావండి" అన్నాడు.

కొత్త పేజీ ఇచ్చాను. మళ్ళీ బెల్లం కొట్టిన రాయే. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడు యూతోంగ్ తలెత్తి, నాకు కాదు, నేరుగా సత్తిబాబుతో ఇంగ్లిషులో, "దయచేసి మీరు కొంచెం చప్పుడు చేస్తారా?" అంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆ పిల్ల ముక్కూమొహం తెలియని మనిషిని నోరు తెరిచి ఒకటి అడగడం నేను చూడటం అదే మొదలు.

సత్తిబాబుకు అర్థమై పగలబడి నవ్వాడు. "చప్పుడా? ఓస్ అంతేనా! అది మన సొత్తండీ, ఆయ్!" అని రెండు అట్లకాడలు తీసుకుని, కొత్తు పరోటా కొట్టినట్టు ఉత్త పెనం మీద టకటకా టకటకా వాయించడం మొదలుపెట్టాడు. హోటలంతా మోగిపోతోంది. యూతోంగ్ చదవడం మొదలుపెట్టింది. గొంతు బాగానే వస్తోంది. నేను పిల్ల వెనకాల నిలబడి, చెయ్యి కిందికి దించుతూ సత్తిబాబుకు సైగ చేశాను. అతను మోత తగ్గించాడు. ఇంకా తగ్గించమన్నాను. ఒక అట్లకాడ పక్కన పెట్టేశాడు. రెండోదానితో మెల్లగా టక్, టక్. తర్వాత అదీ ఆగిపోయింది. పిల్లకు తెలియదు. ఖాళీ హోటల్లో తన గొంతొక్కటే మోగుతోంది, తను చదువుతూనే ఉంది. పేజీ అయ్యాక తలెత్తి చూస్తే సత్తిబాబు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మోతెప్పుడో ఆపేశానమ్మా, ఆ సదివిందంతా నువ్వే!" అన్నాడు. నేను ఇంగ్లిషులో చెప్పాను. పిల్ల మొహం ఎర్రబడిపోయింది, తర్వాత నవ్వింది.

రొయ్యల సంచితో బస్సెక్కితే జనం కొడతారని టాక్సీ మాట్లాడాను. మంగఫ్‌కు ఐదు దినార్లకు ఒప్పుకున్నాడు. డ్రైవరుది రాయచోటి. ఎక్కిన కాసేపటికే ముక్కు మూసుకుని, "ఏం మేడమ్, బండంతా నీసు కంపు కొడతాండాది గదా!" అన్నాడు. "ఓర్చుకో అన్నా, ఈ పిల్ల పాఠం వినిపిస్తుంది" అన్నాను. "వాసన పోతుందంటే చదవమను" అన్నాడు. చదివింది. వాసన పోలేదు.

మంగఫ్ చేరేసరికి నాలుగున్నర. ఉత్సాహంగా లోపలికి అడుగు పెట్టామో లేదో, వాళ్ళమ్మ వేలు పెదాల మీదికి వెళ్ళిపోయింది. ష్. నాన్న పడుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. "రేపు పరీక్ష కదా, ఒక్కసారి చదవనివ్వండి" అని ఫోనులో చెప్పాను. ఆమె జవాబు కూడా ఫోనే చెప్పింది. "అతను నిద్రపోకపోతే సైట్లో మనుషుల మీద పైపు పడుతుంది." యూతోంగ్ చెప్పులు చేత్తో పట్టుకుని పిల్లిలా లోపలికి వెళ్ళిపోయింది. రోజంతా పడ్డ కష్టం ఆ గుమ్మం దగ్గరే పోయిందనుకున్నాను.

ఆదివారం పొద్దున బడికి నేనూ వెళ్ళాను. పిల్లను లోపలికి పిలిచి తలుపు వేసేశారు. తల్లి, నేను వరండాలో కుర్చీల్లో కూర్చున్నాం. తండ్రి సైటు నుంచి అటే వచ్చాడు, ఇంకా డ్యూటీ బట్టల్లోనే ఉన్నాడు. నాకు తల వంచి నమస్కారం పెట్టి కూర్చున్నాడు, కూర్చున్న చోటే తల గోడకు వాల్చి నిద్రపోయాడు. లోపలినుంచి ఏమీ వినపడదు. వాళ్ళమ్మ తన చేతిసంచి పిడిని మెలిపెడుతోంది. నేను నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కేశాను.

అప్పుడు వినిపించింది. మాట కాదు. బల్ల మీద వేళ్ళతో కొడుతున్న చప్పుడు. టకటకా టకటకా. సత్తిబాబు అట్లకాడ మోత! ఆ వెంటనే యూతోంగ్ గొంతు లేచింది. కాసేపటికి వేళ్ళ చప్పుడు మెల్లగా తగ్గి ఆగిపోయింది. గొంతు ఆగలేదు, తలుపు దాటి వరండా అంతా వచ్చేసింది. వాళ్ళమ్మ ఉలిక్కిపడి మొగుడి వైపు చూసింది, అలవాటు కొద్దీ వేలు పెదాల దాకా వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. ఆయన కదల్లేదు. నోరు తెరుచుకుని హాయిగా గురక పెడుతున్నాడు. కూతురు అవతల అంత గట్టిగా చదువుతుంటే ఆ మనిషికి చీమ కుట్టినట్టు కూడా లేదు. ఆమె ఆ వేలు అలాగే గాల్లో ఉంచుకుని నా వైపు చూసింది, నేనూ చూశాను. ఇద్దరికీ నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

సీటు వచ్చింది. ఇప్పుడు యూతోంగ్ వాళ్ళింట్లో సాయంత్రాలు పాఠం పైకే చదువుతుంది, నాన్న పక్కగదిలో నిద్రపోతూనే ఉంటాడు. ఇన్నాళ్ళు చదువు చెప్పినా, మాటలు నేర్పడం వేరు, నోరు తెరిపించడం వేరని నాకు ఆ శనివారమే తెలిసింది. పుస్తకం నిండా మాటలున్న పిల్లకు కావలసింది ఇంకో పుస్తకం కాదు, తర్వాత ఏమైంది అని అడిగే ఒక మనిషి. ఆ మనిషి రొయ్యలమ్మేవాడైనా సరిపోతాడు. మీరు వెళ్ళేటప్పుడు పిల్లలు అంతకుముందు చూడని కథ ఉన్న పేజీలు రెండు పట్టుకుని, పొద్దున్నే, చేపల బేరాలు జోరుగా ఉన్నప్పుడు వెళ్ళండి. తిరిగొచ్చాక మాత్రం ఎవరు పడుకున్నా సరే "ష్" అనకండి. నిద్రపోయేవాళ్ళు ఎలాగైనా నిద్రపోతారు.