మెస్సులో ఒమేగా

ఈ రోజు మధ్యాహ్నం కంకిపాడు రోడ్డులోని మా కాలేజీ హాస్టల్ మెస్సులో నాకు డ్యూటీ పడింది. అమ్మాయిలందరూ తింటున్నారు. సుధ ఒక్కతే ఖాళీ కంచం పట్టుకుని గోడ పక్కన నిలబడి ఉంది.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"బానే ఉందండీ. నేను ఒమేగానండీ. అందరూ తిన్నాకే తినాలి."

ఎవరో తెచ్చిన సీడీ ఆటలో తోడేళ్ల గుంపు ఉంటుందట. పెత్తనం చేసేది ఆల్ఫా, అట్టడుగున ఉండేది ఒమేగా. మిగిలిందే దాని తిండి. వారం పరీక్షలో వచ్చిన ర్యాంకులను బట్టి వీళ్లు ఆ పేర్లు పెట్టుకున్నారు.

ఫస్టు ర్యాంకు లావణ్యను పిలిచి కేకలేశాను. ఆ పిల్ల బెదరలేదు.

"పేర్లే మావి మేడమ్. ఎవరు ముందో ఎవరు వెనకో రాసి అంటించింది మీరే కదండీ."

తిరిగి చూశాను. సుధ నిలబడింది ర్యాంకుల లిస్టు కిందే. ఆ రాత నాదే.

సుధను కూర్చోబెట్టి నేనే వడ్డించాను. ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ఆ పిల్ల నా వైపు కాదు, లావణ్య వైపు చూసింది.

రేపు కొత్త లిస్టు అంటించాలి. ఈసారి అక్షరాలు ఇంకాస్త పెద్దవిగా రాయమన్నారు ప్రిన్సిపాల్ గారు. మీరైతే రాస్తారా?